నిద్రపోయిన టీచరమ్మ

మా నాన్నగారు విజయనగరంలో ఇంటి వరండాలో కూర్చుని పిల్లలకి సంగీతం చెప్పేవారు. వాళ్ళు పాడుతున్నంతసేపూ కళ్ళు మూసుకునే ఉండేవారు. తెలియనివాళ్ళు గేటు దగ్గర నిలబడి చూస్తే, పెద్దాయన కునుకు తీస్తున్నాడనీ, పిల్లలు తమ పాటికి తాము అరుచుకుంటున్నారనీ అనుకునేవారు. ఎవరైనా శ్రుతి తప్పితే మాత్రం ఆ కునుకులోంచే చూపుడువేలు పైకి లేచేది. ఎందుకు నాన్నా కళ్ళు మూసుకుంటావని చిన్నప్పుడు అడిగాను. "మొహం చూస్తే జాలేస్తుందే. జాలేస్తే తప్పు కూడా ఒప్పులాగే వినిపిస్తుంది" అన్నారు.

నాకు సంగీతం రాలేదు. గొంతు లేదని ఆయనే తేల్చేశారు, అదీ కళ్ళు మూసుకునే. ఆయన దగ్గర నుంచి నాకు దక్కింది ఆ వినే పద్ధతి ఒక్కటే. తెలుగు టీచరుగా చేరిన దగ్గర్నుంచీ, పిల్లలు పైకి చదివేటప్పుడు కుర్చీలో వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుంటాను. తెరిచి ఉంటే ఎవడి చొక్కాకి గుండీ లేదు, ఎవరి జడ ఊడిపోయింది, కిటికీ బయట మేక ఎవరిది, వీటన్నిటి మీదికీ పోతుంది మనసు. మూసుకుంటే ఒక్క గొంతే మిగులుతుంది. వత్తు మింగేసినా, అర్థం తెలియకుండా గడగడా దాటేసినా పట్టుబడిపోతారు. భావనపాడు వైపు బళ్ళో పనిచేసినప్పుడూ ఇదే పద్ధతి, ఇప్పుడున్న బళ్ళోనూ ఇదే. "మేడమ్ కళ్ళు మూసుకున్నాది, ఇంక సదువు" అని పిల్లలు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవారు.

ఈ బడి సముద్రం ఒడ్డున ఉంది. అరసవల్లిలో నా వాటా నుంచి ఒక బస్సు, ఆ తర్వాత ఒక షేర్ ఆటో. ఊళ్ళో మగవాళ్ళు ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్ వైపు బోట్ల మీద వేటకి వెళ్ళిపోతారు. మా బళ్ళో చాలామంది పిల్లలకి నాన్న అంటే ఫోనులో గొంతు. మార్కుల కాగితం మీద సంతకం పెట్టడానికి మామ్మలొస్తారు, వేలిముద్ర వేసి, "ఈడు సదువుతన్నాడా అమ్మా?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోతారు. ఆలస్యమైతే బుట్టలో చేపలు ఎండకి పాడైపోతాయి మరి.

ఒకరోజు హెడ్మాస్టరు గారు స్టాఫ్‌రూములోకి వచ్చి, ఇకమీదట టీచర్ల పనితీరు చూసేటప్పుడు బడి గురించి జనం ఏమనుకుంటున్నారో కూడా చూస్తారని చెప్పారు. బడికి ఒక పేజీ ఉండాలట. అందులో ఫోటోలూ వీడియోలూ పెట్టాలట. ఎన్ని పెట్టాం, ఎంతమంది చూశారు, ఏం రాశారు, అన్నీ లెక్కలోకి వస్తాయట. అందరూ బల్ల కేసి చూస్తూ కూర్చున్నారు. ఆయన నా వైపు తిరిగి, "మేడమ్, మీకైతే ఇంటికాడ పెద్ద పనేటీ ఉండదు కదా. మీరు సూసుకోండి" అన్నారు. మంచి మనిషే. ఆ మాటకి నేను నొచ్చుకుంటానని ఆయనకి తట్టి ఉండదు. నేనేమైనా గాలి భోంచేసి బతుకుతున్నానా అని అడగబోయి ఊరుకున్నాను. మా ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పిల్లలు లేరు, అత్తమామలు లేరు. ఇంట్లో పని లేకపోవడం అంటే ఏమిటో పని ఉన్నవాళ్ళకి చెప్పి అర్థమయ్యేలా చేయలేం.

మొదట్లో విసుక్కుంటూనే పెట్టాను. భోజనం బెల్లు కొట్టాక కంచాలు కడుక్కుంటున్న వరస, మొక్కలకి నీళ్ళు పోస్తున్న ఆరో తరగతి, ఆటల పోటీలో దుమ్ము కొట్టుకుపోయిన మొహాలు. చూసేది తోటి టీచర్లూ, మొహమాటానికి హెడ్మాస్టరు గారి బావమరిదీ మాత్రమే అనుకున్నాను. కానీ చూసింది తండ్రులు. ఎక్కడో పడమటి సముద్రం రేవుల్లో, బోట్ల మీద కూర్చుని ఒక్కొక్క ఫోటోని పెద్దది చేసుకుని చూసేవారు. "మా గుంటడు నల్లగయిపోనాడేటి", "ఆ సివర కూసున్నది మా పిల్లే", "టీచరమ్మా, మావోడు అన్నం తింటన్నాడా?" అని కింద రాసేవారు.

నిజం చెప్పాలంటే నాకు అది బాగుండేది. సాయంత్రం ఇంటికొచ్చి, టీ పెట్టుకుని, ఆ మాటలన్నీ చదివి ఒక్కొక్కరికీ జవాబు రాసేదాన్ని. అంతకుముందు నా ఫోను మోగితే గ్యాసు బండ గురించో, బ్యాంకు అప్పు కావాలా అనో. ఇప్పుడు అది ఊరికే టింగుమంటూ ఉండేది. ఒంటరి మనిషికి ఫోను మోగడం పండగే. ఆదివారాలు సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చే జనంతో మా వీధి కిక్కిరిసిపోతుంది, నా ఇంటికి నేను వెళ్ళడానికి ఆటోవాళ్ళని బతిమాలుకోవాలి. అంత జనంలోనూ నన్ను పలకరించే మనిషి ఉండడు. పేజీలో మాత్రం ఉన్నారు.

ఏడో తరగతిలో ఒక పిల్ల ఉంది. తండ్రి బోటు మీద, తల్లి ఎండుచేపలు తీసుకుని సంతలు తిరుగుతుంది, పిల్ల మామ్మ దగ్గర. ఆ పిల్లకి చదవడం బాగా వచ్చు, ఎవరూ చూడకపోతే. ఎవరైనా మొహంలోకి చూశారంటే మొదటి అక్షరం దగ్గరే నాలుక చుట్టుకుపోతుంది, కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నేను కళ్ళు మూసుకుంటే మాత్రం సన్నని గొంతుతో, ఎక్కడా తడబడకుండా, పాఠం కొసదాకా చదివేది. ఏ మాట దగ్గరైనా పొరపాటు పోతే నా వేలు లేచేది, తనే సరిచేసుకుని ముందుకి పోయేది. మా ఇద్దరి మధ్యా అదొక ఒప్పందం.

ఆ పిల్ల తండ్రి ఒకసారి పేజీలో అడిగాడు. ఎవరిచేతనో రాయించి ఉంటాడు. "మా పాప సదివిన ఈడియో ఎట్టండమ్మా. అన్ని ఫోటోల్లోనీ ఎనకాలే ఉంటాది." ఎలా కాదనడం? కానీ ఫోను ఎదురుగా పెడితే ఆ పిల్ల నోరు పెగలదు. అందుకని ఉపాయం ఆలోచించాను. ఫోనుని సుద్దముక్కల డబ్బాకి ఆనించి నా వైపు తిప్పాను. "బొమ్మ నాది వస్తుంది, గొంతు నీది వస్తుంది, నువ్వు భయపడకు" అని చెప్పాను. పిల్ల నవ్వి చదివింది. ఎప్పటిలాగే నేను కళ్ళు మూసుకుని విన్నాను. ఆ సాయంత్రమే పేజీలో పెట్టేశాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఏం జరగబోతోందో చంటిపిల్లకి కూడా తెలుస్తుంది. నాకు తెలియలేదు. ఆ గొంతు తెలిసిన తండ్రి కోసం తీశాను గాని, తెలియని లోకం కూడా అదే చూస్తుందని తట్టలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఊరికే అన్నారా.

ఎవరో అందులో చిన్న ముక్క కత్తిరించారు. పిల్ల గొంతు తీసేసి ఒక జోలపాట తగిలించారు. కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, ఒళ్ళో చేతులు పెట్టుకున్న నేను. కింద "చదువులమ్మ నిద్ర" అని అక్షరాలు. ఎవరు చేశారో ఇప్పటికీ తెలియదు. ఊళ్ళో అడిగితే అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. రెండో రోజుకి జిల్లా అంతా తిరిగింది. మా పన్నులతో జీతాలు తీసుకుని నిద్రలు పోతున్నారని ఒకరు, ఏసీ కూడా పెట్టించండని ఒకరు, ఈవిడ చెప్పిన పిల్లలు ఏమవుతారో అని ఏ ఊరివాడో ఇంకొకడు. పాతికేళ్ళు పైబడి పాఠం చెప్పాను, నా పాఠం గురించి ఇంతమంది ఏనాడూ మాట్లాడలేదు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం షేర్ ఆటోలో నా పక్కన కూర్చున్న కుర్రాడు అదే వీడియో తన ఎదురుగా ఉన్న ఆవిడకి చూపించాడు. ఆవిడ చూసి, "ఓలమ్మ, ఎంత సుకంగా పడుకున్నాదో సూడు" అంది. కుర్రాడు నవ్వాడు. ఆవిడ ఫోను నా వైపు తిప్పి, "సూసినారేటమ్మా ఇది?" అని అడిగింది. ఉప్పుగాలికని తల మీంచి చెంగు కప్పుకుని ఉన్నాను, నన్ను పోల్చుకోలేదు. చూశాను. జోలపాట కూడా మొత్తం విన్నాను. "బాగా అలిసిపోయి ఉంటుంది" అన్నాను. "మనం అలిసిపోమేటి మరి?" అంది ఆవిడ. ఆ మాటా నిజమే. ఆవిడ కాళ్ళ దగ్గర ఖాళీ చేపల గంప ఉంది.

దిగి ఇంటికి నడుస్తుంటే నాకు కోపం కూడా రాలేదు. నేను సులువుగా కోపం తెచ్చుకునే మనిషిని, అది నా బలం. ఆ రోజు అదీ తోడు రాలేదు. తాళం తీసి, దీపం వేసి, అలాగే కుర్చీలో కూర్చుండిపోయాను. జరిగింది చెప్పుకోవడానికి ఒక్క మనిషి ఉంటే బాగుండుననిపించింది. స్టాఫ్‌రూములో ఎవరూ ఏమీ అనడం లేదు. నేను వెళ్ళగానే క్యారేజీల మూతలు గట్టిగా చప్పుడయ్యేవి, మాటలు ఆగిపోయేవి. తిట్టినా బాగుండేది.

విచారణకి ఒక అధికారి వచ్చారు. మర్యాదస్తుడు. నేను పెట్టిన అసలు వీడియో చూపించాను. పిల్ల గొంతు కొంచెంసేపు విని, "బాగానే చదువుతోందే" అని ఆపేశారు. నాన్నగారి సంగతి, వేలు సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. "మీరు నిద్రపోలేదని నాకు తెలుస్తూనే ఉందండీ. కానీ ఎంతమందికని చెప్తాం? చూసేవాళ్ళకి ఎలా కనిపిస్తోందన్నది కూడా ఇప్పుడు ఉద్యోగంలో భాగమే కదా. కళ్ళు తెరుచుకుని వింటే పోయేదేముంది?" అన్నారు. వీడియో తీసేయమన్నారు. గొడవ సద్దుమణిగేదాకా పేజీ కూడా ఆపమన్నారు. రెండూ అక్కడే చేశాను. ఆయన చాలా తేలికపడ్డారు, వెళ్తూ నమస్కారం పెట్టారు.

ఆ తర్వాత చదువు గంటలో కళ్ళు తెరుచుకుని కూర్చున్నాను. ఎవరు చదువుతుంటే వాళ్ళ మొహంలోకే చూస్తూ, వసారాలోంచి ఎవరు వెళ్తున్నా నేను మేలుకునే ఉన్నట్టు కనిపించాలని వెన్ను నిటారుగా పెట్టుకుని. నాన్నగారు చెప్పినట్టే జాలి వేసింది, తప్పులు ఒప్పుల్లాగే వినిపించాయి. ఆ పిల్ల వంతు వచ్చింది. లేచింది, పుస్తకం తెరిచింది, నా వైపు చూసింది. నేనూ తన వైపే చూస్తున్నాను. పెదవులు కదిలాయి గాని మాట రాలేదు. "ఫరవాలేదు, చదువమ్మా" అన్నాను. తల పుస్తకంలోకి దించేసుకుంది. కూర్చోమన్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. కొన్నాళ్ళకి ఆ పిల్లని లేపడమే మానేశాను. చేతకాక కాదు, భయపడి. ఇంకొక్క వీడియో వస్తే తట్టుకోలేననిపించింది. ఆ పిల్ల మాత్రం ఈ గొడవంతా తన వల్లే వచ్చిందని అనుకుంటోందని నాకు అప్పుడు తెలియదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, బయట ఆటోల హారన్లు మోగిపోతుంటే, తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. పేజీలో నా నంబరే ఉండేది కాబట్టి, ఆ గొడవ మొదలయ్యాక ఎవరెవరో ఫోన్లు చేసి జోలపాట పాడేవారు, అందుకని ఎత్తడం మానేశాను. అది ఆగి ఆగి మోగుతూనే ఉంది. ఒళ్ళు మండి ఎత్తి, "ఎవరండీ? పడుకున్నదాన్ని లేపుతున్నారేమిటి?" అన్నాను.

"పడుకున్నారేటమ్మా? మళ్ళీ సేస్తాన్లే" అంది అవతలి గొంతు, భయంభయంగా.

వెటకారం అర్థం కాని మనిషి దొరికి చాలా కాలమైంది. ఎవరని అడిగాను.

"నాను ఏడో క్లాసు పిల్ల తండ్రినమ్మా. సన్నగా సదువుతాది సూడు, ఆ పిల్ల. ఈడియో తీసేసినారేటమ్మా? ఏటకెల్లి వచ్చి ఎతికితే కనబళ్ళేదు."

తీసేయమన్నారు, తీసేశాను అని చెప్పాను. పేజీ కూడా లేదన్నాను. ఇంజను చప్పుడు మీంచి అతను గొంతు పెంచాడు.

"ఆ పాటెట్టిన ఈడియో మాకూ వచ్చినాదమ్మా. మావోళ్ళు నవ్వినారు. నాకు కోపమొచ్చినాది గానీ ఏటి సేస్తాం. అసల్ది ఉన్నాది కదా, అది ఇనుకుందావనుకున్నాను. ఫోన్లో దాసుకోడం నాకు తెల్దు. రోజూ ఆ పేజీలోకే ఎల్లి ఇనీవోణ్ణి."

"అందులో మీ పాప కనిపించదు కదయ్యా. నేనేగా కనిపిస్తాను."

"కనిపించకపోతే ఏటమ్మా? నాను సూడను కదా. కళ్ళు మూసుకుని ఇంటాను. మూసుకుంటే ఇంటికాడే ఉన్నట్టుంటాది. పిల్ల పక్కన కూకుని సదువుకుంటన్నట్టుంటాది."

అతనే మళ్ళీ అన్నాడు. "ఇప్పుడు బళ్ళో నోరిప్పడం లేదంట, మాయమ్మ సెప్పినాది. నా వల్లే టీచరమ్మని తిట్టినారని ఏడుస్తాదంట. ఏటమ్మా, మా పిల్ల ఏటైనా తప్పు సేసినాదా?"

"మీ పిల్ల తప్పేమీ లేదయ్యా" అన్నాను. ఫోను పెట్టేశాక ఏడ్చాను. చూసేవాళ్ళు ఎవరూ లేరు కాబట్టి మొహమాటం లేకుండా ఏడ్చాను. నన్ను చూసి నలుగురూ నవ్వినందుకు కాదు. ఇన్నాళ్ళూ నా పరువు కాపాడుకోవడానికి ఆ పిల్ల నోరు మూయించానని తెలిసినందుకు.

మర్నాడు చదువు గంటలో పిల్ల దగ్గరికి వెళ్ళి ఫోను చూపించాను. "ఇది బొమ్మ తీయదు. మాట ఒక్కటే పట్టుకుంటుంది. మీ నాన్నకి తప్ప ఇంకెవరికీ పంపను. ఆయన అడిగాడు" అన్నాను. ఫోనుని బల్ల మీద బోర్లా పెట్టాను. తలుపు వేయలేదు. వేస్తే దొంగతనంలా ఉంటుందనిపించింది. కుర్చీలో వెనక్కి ఆనుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాను.

చాలాసేపు సముద్రం హోరు ఒక్కటే వినిపించింది. ఎవరో దగ్గారు. వసారాలో చెప్పుల చప్పుడు వచ్చి తలుపు దగ్గర ఆగింది. ఆ నడక హెడ్మాస్టరు గారిది. కళ్ళు తెరుద్దామని రెప్పలు అదిరాయి. తెరవలేదు. కొంతసేపటికి ఆ చెప్పులు, ఏమీ అనకుండానే, మెల్లగా వెళ్ళిపోయాయి.

అప్పుడు మొదలుపెట్టింది. మొదటి మాట గొంతులోనే ఆగి, రెండోసారికి బయటికొచ్చింది. వాన గురించిన పాఠం. మబ్బు పట్టడం దగ్గర్నుంచి చెరువు నిండడం దాకా, సన్నని గొంతుతో, తొందర లేకుండా చదువుకుంటూ పోయింది. ఒకచోట తప్పు పోయింది, నా వేలు లేచింది, సరిచేసుకుంది. కొసదాకా చదివింది.

కళ్ళు తెరిచి చూస్తే తరగతిలో పిల్లలందరూ కళ్ళు మూసుకుని కూర్చుని ఉన్నారు. ఇద్దరు ముగ్గురు అల్లరికే మూసుకుని ఉంటారు, పళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. మిగతావాళ్ళు నిజంగానే వింటున్నారు. తెరిచి ఉన్నవి ఆ పిల్ల కళ్ళూ, నా కళ్ళూ మాత్రమే. ఆ క్షణాన ఎవరైనా ఫోటో తీసి ఉంటే బడి మొత్తం నిద్రపోతోందని జిల్లా అంతా చెప్పుకునేది. "బాగా చదివావు" అన్నాను. మా నాన్నగారు ఎవరితోనూ అనని మాట అది.

ఆ మధ్యాహ్నమే ఆ తండ్రికి పంపాను. జవాబు లేదు. సముద్రం మీద సిగ్నలు ఉండదని తెలిసినా రోజూ చూసుకునేదాన్ని. చివరికి ఒక సాయంత్రం, ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంటే, అతను రికార్డు చేసి పంపిన మాట ఫోనులో వచ్చింది. ముందు గాలి, నీళ్ళ చప్పుడు. తర్వాత ఒక్కటే మాట.

"ఇన్నానమ్మా."

అంతే. పేజీ నడిపినన్నాళ్ళూ నేను పెట్టినవాటి కింద రాసినవాళ్ళు, మెచ్చుకున్నవాళ్ళయినా తిట్టినవాళ్ళయినా, అందరూ చూశామన్నవాళ్ళే. నా పనితీరుకి మార్కులు వేసేవాళ్ళూ చూసే వేశారు, ఈ ఏడాది తక్కువే వేశారు. విన్నానన్నవాడు ఇతనొక్కడే. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలని నాకు చాలా అనిపించింది. పొయ్యి కట్టేసి, వంటింటి గుమ్మంలో నిలబడి, ముందు గదిలోకి చూశాను. కుర్చీ ఖాళీగా ఉంది. నేనే వెళ్ళి అందులో కూర్చుని, వెనక్కి ఆనుకుని, కళ్ళు మూసుకుని ఆ మాట మళ్ళీ విన్నాను.